గాలి పీల్చి బతికేదాన్ని

నేను వాక్యూమ్ క్లీనర్‌ని. అనకాపల్లి గవరపాలెంలో ఒక బెల్లం వ్యాపారి ఇంట్లో మెట్ల కింది అరలో ఉంటాను. ఒక మోటారు, దానికి బిగించిన రెక్కలు, దుమ్ము పట్టే సంచి, ఒక ఫిల్టరు, పొడవాటి గొట్టం... నా ఒళ్లంతా ఇంతే. ఈ ఇంటికి వచ్చి చాలా ఏళ్లయింది. నా ఈడు యంత్రాలు కొన్ని అటకెక్కాయి, కొన్ని పాత ఇనుము కొట్టుకు పోయాయి. నేను మాత్రం ఇంకా పనిలో ఉన్నాను. అందులో నా గొప్ప కొంతే. నన్ను ఎంచుకున్న తీరు, చూసుకున్న తీరు అసలు కారణం. ఆ సంగతి చెప్పాలనే ఈ కథ మొదలుపెట్టాను.

ముందు మా వంశం గురించి చెప్పాలి. ఒకప్పుడు దుమ్ము దులిపే యంత్రాలు గాలిని ఊదేవి. లేచిన దుమ్ము కాసేపు తిరిగి మళ్లీ అక్కడే వాలేది. లండన్‌లో అలాంటి యంత్రం ప్రదర్శన చూసిన హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరుకు, ఊదే బదులు పీలిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. కుర్చీ మీద రుమాలు పరిచి, దానికి నోరు ఆనించి గట్టిగా గాలి పీల్చాడట. రుమాలు అడుగున దుమ్ము మరక తేలింది. 1901లో ఆయన పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. ఆయన యంత్రం పెట్రోలు ఇంజనుతో నడిచేది, గుర్రపు బండి మీద వచ్చేది. దాన్ని వీధిలో నిలిపి, గొట్టాలను కిటికీల్లోంచి ఇళ్లలోకి పంపేవారు. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ముందు వెస్ట్‌మినిస్టర్ అబీలో పరిచిన తివాచీలను శుభ్రం చేసింది అదే.

మమ్మల్ని చేతికి అందేటట్టు చేసినవాడు అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ ఊరి మనిషి, జేమ్స్ మరే స్పాంగ్లర్. ఒక దుకాణంలో నేల ఊడ్చే పని ఆయనది. ఉబ్బసం ఉండడంతో ఊడ్చినప్పుడల్లా లేచే దుమ్ము ఆయన ప్రాణాన్ని తోడేసేది. చీపురు కర్రకు ఫ్యాను మోటారు బిగించి, దుమ్ము పట్టడానికి తలగడ గలేబు కట్టుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. హక్కులు హూవర్ కుటుంబానికి చేరాయి. మన దేశంలో 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ మనుషులు ఇంటింటికీ తిరిగి, కళ్లముందే పనిచేయించి మమ్మల్ని అమ్మారు. మధ్యతరగతి ఇళ్లకు మా పేరు తెలిసింది ఎక్కువగా అలాగే.

ఆయాసపడే మనిషి తన కోసం చేసుకున్న జాతి మాది. నేను ఈ గుమ్మం తొక్కిందీ ఆయాసం వల్లే. ఇంటి పెద్దాయన మనవరాలికి తెల్లవారుజామున పిల్లికూతలు వచ్చేవి. డాక్టరుగారు మందులు రాసి, పరుపుల సంగతి కూడా చూడమన్నారు. పరుపుల్లో, తలగడల్లో డస్ట్ మైట్లని కంటికి ఆనని పురుగులుంటాయి. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు వాటి తిండి. అవి నీళ్లు తాగవు, గాలిలోని చెమ్మనే ఒంటికి పట్టించుకుని బతుకుతాయి. సముద్రం దగ్గరగా, శారదా నది పక్కనే ఉన్న మా ఊళ్లో ఆ చెమ్మకు లోటు లేదు. వాటి రెట్టల పొడి ఊపిరితో లోపలికి పోతే కొందరికి ఉబ్బసం రేగుతుంది. చీపురుతో కొట్టినా, చేత్తో దులిపినా ఆ పొడి గాలిలోకి లేచి ముక్కులోకే వెళుతుంది.

అందుకని మావయ్యగారూ కోడలూ కలిసి దుకాణానికి వచ్చారు. అక్కడ అరలో మేం అయిదారుగురం ఉన్నాం. అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మను రంగు ఒక్కటే చూసి కొనరు. గిల్లి, నలిపి, నోట్లో వేసుకుని చూస్తారు. తెల్లగా మెరిసే బెల్లంలో హైడ్రోస్ అనే రసాయనం కలిపి ఉండొచ్చని అక్కడ అందరికీ తెలుసు. ఆ మార్కెట్లో జుట్టు నెరిసిన మావయ్యగారు మమ్మల్ని కూడా అలాగే చూశారు.

"ఇది రెండు వేల వాట్లండి. వీటన్నిట్లో బలమైంది" అన్నాడు దుకాణం కుర్రాడు.

"వాట్లంటే కరెంటు తినే లెక్క గదా బాబూ! మరి పీల్చే లెక్క ఏటి?" అన్నారాయన.

ఆ ఒక్క ప్రశ్నతో నాకు ఆయన మీద గురి కుదిరింది. వాట్లు మా తిండిని చెబుతాయి, పనిని చెప్పవు. పీల్చే బలాన్ని కిలోపాస్కళ్లలోనో ఎయిర్ వాట్లలోనో రాస్తారు. లోపలికి ఎంత గాలి పారుతుందన్నది మరో లెక్క. ఐరోపా సమాఖ్య 2014లో ఇళ్లలో వాడే వాక్యూమ్ క్లీనర్లకు 1600 వాట్ల పరిమితి పెట్టింది, 2017లో దాన్ని 900కు దించింది. అక్కడి ఇళ్లు శుభ్రం కావడం ఆగిపోలేదు. తయారీదార్లు గాలి దారినీ, నేలకు ఆనే మూతినీ మెరుగుపరుచుకున్నారు.

తీగ లేని సన్నటి యంత్రం వంతు వచ్చింది. బ్యాటరీ కొన్నేళ్లకు నీరసిస్తుందనీ, కొత్తదానికి బాగానే ఖర్చవుతుందనీ కుర్రాడే ఒప్పుకున్నాడు. తనంతట తాను తిరిగే రోబోను చూసి కోడలు ముచ్చటపడింది. కానీ ఆ ఇంట్లో గదికో గడప ఉంది. పసుపు రాసి బొట్టు పెట్టే ఎత్తయిన గడపల్ని అది దాటలేదు. పైగా శుభ్రం చేయాల్సింది మంచాల మీది పరుపుల్ని, రోబో పనంతా నేల మీదే.

చివరికి నా దగ్గర ఆగారు. నేను పీల్చిన గాలి మళ్లీ గదిలోకే రావాలి. మంచి హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతాన్ని పట్టేస్తుంది. అయితే ఫిల్టరు ఎంత మంచిదైనా మూత సందుల్లోంచి గాలి కారితే లాభం లేదు. కోడలు కాస్త టాల్కం పౌడరు నాచేత పీల్పించి, గాలి బయటికొచ్చే చోటా మూత అంచుల దగ్గరా తన నల్ల చున్నీ పట్టి చూసింది. చున్నీ నల్లగానే ఉంది. బూత్ రుమాలుతో చేసిన పరీక్షే మా ఊళ్లో మళ్లీ జరిగిందని నాకు సంతోషం కలిగింది.

"సరే, దీని సంచులూ ఫిల్టర్లూ ఈ ఊళ్లో దొరుకుతాయా? పాడైతే విప్పి బాగుచేసేదెవరు?" అని మావయ్యగారు చివరి ప్రశ్న వేశారు. కుర్రాడు సంచుల కట్ట తెచ్చి చూపించాడు, నా వెనక మూత స్క్రూలు విప్పి మోటారు చూపించాడు. బేరం కుదిరింది.

ఈ ఇంట్లో నా పని వేరు, చీపురు పని వేరు. నున్నటి నేలకు ఏజెన్సీ కొండల నుంచి వచ్చే కొండచీపురు చాలు. ఆ పెద్దావిడతో నాకు పోటీ లేదు. పరుపులు, సోఫా మూలలు, కిటికీ దోమతెరలు, ఫ్యాను రెక్కలు, పుస్తకాల బీరువా నావి. చీపురు ఎక్కడ దుమ్ము లేపుతుందో అక్కడ నేను దుమ్ము దించుతాను. కొత్త అమావాస్యకు నూకాలమ్మ జాతర వస్తుంటే చుట్టాల కోసం ఇల్లంతా దులుపుతారు. అప్పుడు నాకు తీరికే ఉండదు.

పరుపును వారం వారం రెండు వైపులా, తొందరపడకుండా నాచేత పీల్పిస్తారు. దుప్పట్లు, గలేబులు బాగా వేడినీళ్లలో ఉతుకుతారు. తలగడలు ఎండలో వేస్తారు. పాప ఇన్‌హేలరు డాక్టరుగారు చెప్పినట్టే సాగుతోంది. నేను మందును కాను, మందుకు తోడుని. ఇప్పుడు పిల్లికూతలు తగ్గి, ఆ పిల్ల తెల్లవార్లూ నిద్రపోతోంది. నా బతుక్కి అదే సార్థకత.

నాకు గిట్టనివి కూడా ఉన్నాయి. ముగ్గుపిండి మరీ మెత్తన, ఫిల్టరు కన్నాలన్నీ పూడ్చేస్తుంది. సాంబ్రాణి నిప్పు, ఆరని దోమల చుట్ట సంచిని కాల్చేస్తాయి. తడి పీల్చే ఏర్పాటు నాకు లేదు కాబట్టి ఒలికిన బెల్లం పాకం దగ్గరికి నన్ను తీసుకెళ్లరు.

నా మోటారు నిమిషానికి 20,000 చుట్లకు పైగా తిరుగుతుంది. నేను పీల్చే గాలే దాన్ని చల్లబరుస్తుంది. సంచి నిండినా గొట్టంలో గుడ్డ ఇరుక్కున్నా గాలి ఆడదు. రెక్కలకు తోయడానికి గాలి లేక బరువు తగ్గుతుంది. మోటారు వేగం పెరిగి నా గొంతు సన్నబడి కీచుమంటుంది. అది బలం పెరిగిన శబ్దం కాదు, ఊపిరాడని శబ్దం. కోడలు అది విన్న వెంటనే స్విచ్చి కట్టి సంచి మారుస్తుంది. నేను ఇన్నాళ్లు బతికింది ఆ చెవి వల్లే.

ఒకసారి మాత్రం లోపల నిప్పురవ్వలు మెరిసి, కాలిన వాసన వచ్చింది. కొత్తది కొనేద్దామన్నారు ఇంట్లో ఒకరు. మావయ్యగారు నన్ను చంకన పెట్టుకుని మిక్సీలు బాగుచేసే మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లారు. మిక్సీ మోటారూ నా మోటారూ ఒకే జాతివి. రెండింట్లోనూ రాసుకుని తిరిగే కార్బన్ బ్రష్‌లుంటాయి, అవి వాడకంలో అరుగుతాయి. మేస్త్రీ కొత్త జత వేసి, రాగి పట్టీలు తుడిచి బిగించాడు. కొత్త యంత్రం ధరతో పోలిస్తే ఆ ఖర్చు లెక్కలోనిదే కాదు.

నమ్మకమైన యంత్రమంటే ఎప్పుడూ పాడవనిది అనుకోకండి. తిరిగేది ఏదైనా అరుగుతుంది. అరిగింది మార్చడానికి వీలుండాలి, మార్చే మనిషి దగ్గర్లో ఉండాలి. నాలాంటి దాన్ని కొనబోతే డబ్బా మీది పెద్ద అంకె చూసి డబ్బు తీయకండి. పీల్చే లెక్క అడగండి. మూత అంచున గుడ్డ పట్టి దుమ్ము కారుతుందేమో చూడండి. సంచి, ఫిల్టరు, కార్బన్ బ్రష్ మీ ఊళ్లో దొరుకుతాయో లేదో తేల్చుకోండి. ఈ మూడింటికీ జవాబు చెప్పలేని యంత్రాన్ని సగం ధరకిచ్చినా ఇంటికి తెచ్చుకోవద్దు.