సూదిమందు పద్యానికి టీకాతాత్పర్యం

మూలం:

సూదిమందు నుదుట సొగసుకై పొడిపింప
కంటిరెప్ప వాలి కదలదాయె
మందు విరుగుదాక మనసు నిబ్బరముంచు
మూలనున్న కండ మోయు బరువు

ప్రతిపదార్థం: సూదిమందు = బొటాక్స్ అని జనులు పిలిచే బోట్యులినం టాక్సిన్‌ను; నుదుట = బొమల నడిమి ముడుతలలో; సొగసుకై = ఫొటోలో కోపంగా కనబడకుండుటకై; పొడిపింప = డబ్బిచ్చి మరీ పొడిపించుకొనగా; కంటిరెప్ప = పైరెప్ప; వాలి = కొన్ని రోజులకో, రెండు వారాల లోపుననో జారి; కదలదాయె = పూర్తిగా లేవదాయెను; మనసు నిబ్బరముంచు = అద్దానికి ఎడముగా నుండుము.

తాత్పర్యం: స్పష్టం.

విశేషాలు: రెప్పనెత్తే కండరం పేరు లెవేటర్. కనుగుంట ఎముక అంచుకు కనీసం ఒక సెంటీమీటరు పైన పొడవవలసిన సూది కిందికి దిగినా, పొడిచినచోట రుద్దినా, మందు లోపలికి జారి ఆ కండరాన్ని పడుకోబెడుతుంది. 1989లో అమెరికాలో ఈ మందుకు అనుమతి దొరికింది మెల్లకన్నుకూ, రెప్పలు బిగుసుకుపోయి తెరుచుకోని జబ్బుకూ. ముడుతలకు అనుమతి 2002లో గాని రాలేదు. రెప్పలు తెరిపించడానికి వచ్చినది రెప్ప మూయడం కవికి తెలిసి ఉంటే ఇంకో పద్యం చెప్పేవాడే.

పాఠాంతరం: ‘కంటిరెప్ప’కు బదులు కొందరు ‘కంటిబొమలు’ అని చదువుతారు. ఛందస్సుకు అడ్డు లేదు, వైద్యానికి ఉంది. నుదుటి కండరం సడలి బొమ జారితే కింద చెప్పబోయే చుక్కలు పనిచేయవు. కనుక ముందు జారినది ఏదో డాక్టరు చేత తేల్చుకోవాలి.

శంక: విరుగుడు లేదా? సమాధానం: లేదు. నరం కొసలో కండరానికి కబురందించే ఏర్పాటునే ఈ మందు తెంచుతుంది; అది తిరిగి కుదురుకోవాలి. అయితే రెప్పకు చేరింది కొంచెమే గనుక సాధారణంగా కొన్ని వారాలలో లేస్తుంది. ముడుతలు మూడు నాలుగు నెలలకు గాని తిరిగి రావు. ఖర్చు వృథా కాలేదని దీని ధ్వని.

‘మూలనున్న కండ’ అనగా ముల్లర్ కండరం. లెవేటర్ వెనుక చిన్నది, వేరే నరాల ఏలుబడిలోనిది కనుక ఈ మందుకు లొంగదు. అప్రాక్లోనిడిన్ 0.5 శాతం చుక్కలు దీన్ని రెచ్చగొట్టి రెప్పను ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎత్తుతాయి. ‘మోయు’ అన్నాడే గాని ‘గెలుచు’ అనలేదు, గమనించాలి. జారిన రెప్పకు 2020లో అమెరికా అనుమతించిన ఆక్సిమెటజోలిన్ 0.1 శాతం చుక్కలదీ ఇదే దారి. గుండెజబ్బు, బీపీ, గ్లాకోమా ఉన్నవారు డాక్టరును అడగక వేసుకోరాదు.

ఒకటి రెండుగా కనబడినా, మింగుడు పడకున్నా, ఊపిరి ఆడకున్నా పద్యం పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి పోవాలి.

శంక: వచ్చే ఆదివారం పెళ్లి ఉంటే? సమాధానం: మూలంలో లేదు. సూదికీ ముహూర్తానికీ నెల ఎడం ఉంచమని వ్యాఖ్యాత మతం.