తుప్పుకి తగ్గ ధర

అమెరికాలో ఇంటికి ముందు తలుపు ఎందుకు పెడతారో నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు. మేం కారు గరాజ్‌లో పెట్టి అటునుంచి అటే వంటింట్లోకి దూరతాం. పక్కింటివాళ్లూ అంతే. ముందు వాకిట్లోకి వచ్చేది పార్సిల్ కుర్రాడొక్కడే. అతనూ డబ్బా పడేసి, దానికో ఫొటో తీసుకుని, మన మొహం చూడకుండా పారిపోతాడు. ఆ ఒక్క ప్రేక్షకుడి కోసం మా ఆయన ఏటా చలికాలంలో వరండా ముస్తాబు చేస్తారు, అదీ పాత సామాన్లతో.

క్రిస్మస్ అలంకరణ అనుకునేరు. శాంటా తాతలూ రంగు బల్బులూ వేరే శాఖ, కొత్త సంవత్సరం దాటాక దించేయాలి. ఇది చలికాలపు అలంకరణ: మంచు మీద జారే పాత స్లెడ్డు, తాళ్లు ముడేసి వేలాడదీసిన తోలు స్కేట్లు, పాల క్యాను, కిరసనాయిలు లాంతరు, వీటన్నిటి మధ్యా దోపిన పైన్ కొమ్మలు. ఇందులో ఏ దేవుడి ప్రసక్తీ లేదు కాబట్టి మార్చి దాకా ఉంచొచ్చట. మధ్యలో సంక్రాంతికి నేను మెట్ల మీద నాలుగు గీతలు గీస్తాను గానీ, మంచు కరగడానికి ఈయన చల్లిన ఉప్పేదో నా ముగ్గేదో నాకే తెలియదు.

ఈ సరుకంతా ఆడమ్స్‌టౌన్‌లో దొరుకుతుంది. అమెరికా మొత్తానికీ పాత వస్తువుల రాజధానిని నేనే అని చెప్పుకునే చిన్న ఊరు, పెన్సిల్వేనియాలోనే, మా ఫిలడెల్ఫియా శివారు నుంచి కారులో వెళ్లేంత దూరం. ఆదివారం సంత. మన దగ్గర తుప్పు చూపించి బేరమాడతాం. అక్కడ తుప్పు చూపించి ధర చెబుతారు. కాస్త నూనె పెట్టి రుద్దితే పోతుంది కదండీ అని నేనన్నాను, స్లెడ్డు అమ్మే పెద్దాయన నాకేసి చూసిన చూపు మళ్లీ ఎవరూ చూడకూడదు.

ఆ స్లెడ్డు పేరు ఫ్లెక్సిబుల్ ఫ్లయర్. చెక్క మీద గద్ద బొమ్మ సగం చెరిగిపోయి, ముక్కూ ఒక రెక్కా మిగిలాయి. ఇంటికి ఎవరొచ్చినా దాని పుట్టుపూర్వోత్తరాలు వినకుండా కాఫీ దొరకదు. శామ్యూల్ లీడ్స్ అలెన్ అనే ఫిలడెల్ఫియా ఆసామి 1889లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన అసలు వ్యాపారం విత్తనాలు వేసే యంత్రాలు, పొలం పనిముట్లు. అవి చలికాలంలో ఎవరు కొంటారు? కార్ఖానా ఖాళీగా ఉండకూడదని పిల్లల బండి మొదలెట్టాడు. ముందున్న అడ్డకర్రని ఎటు తిప్పితే కింద ఇనుప పట్టాలు అటు వంగి, బండి అటు తిరుగుతుంది. "రైతుల కోసం పనిచేసినవాడు, మనం గౌరవించాలి" అంటారీయన. తెనాలి దగ్గర మా మామగారి ఎడ్లబండి చక్రాలు చావిట్లో అడ్డంగా ఉన్నాయని ఫోన్లోనే బేరం పెట్టించి అమ్మించేసింది కూడా ఈయనే. రైతు మనవాడైతే గౌరవం అక్కర్లేదేమో.

క్రితం చలికాలం మా అత్తగారు వచ్చారు. గుమ్మానికి కట్టిన ఆకుల రీత్ చూసి అక్కడే ఆగిపోయారు. మన దగ్గర అలాంటి చక్రం మంత్రిగారో కలెక్టరుగారో పోతే పార్థివదేహం మీద పెడతారు మరి.

"ఎవరు పోయార్రా అబ్బాయ్?"

"ఎవరూ పోలేదమ్మా. అలంకారం."

ఆవిడ చెప్పులు వదిలి లోపలికొచ్చారు గానీ, రెండు రోజులు మా మొహాలు పరీక్షగా చూస్తూనే ఉన్నారు. పురాతనం అనాలంటే ఇక్కడి కస్టమ్స్ లెక్కలో వస్తువుకి 100 ఏళ్లు నిండాలి, అంతకు తక్కువైతే వింటేజ్ అంటారు అని కొడుకు వివరించాడు. "అయితే నేనింకా వింటేజేగా" అని సంబరపడ్డారు.

పాల క్యాను దగ్గర వచ్చింది తంటా. పది గ్యాలన్లది, అంటే మన లెక్కన 38 లీటర్లు. పాల కేంద్రానికి జీవితాంతం పాలు పోసిన మనిషి ఊరుకుంటుందా? మూత తీసి లోపల వాసన చూశారు. "కడిగిన పాపాన పోలేదు" అన్నారు. నేను ఆఫీసు కాల్‌లో ఉన్నాను. గంట తర్వాత చూద్దును కదా, గరాజ్‌లో పీట వేసుకుని, చింతపండూ ఇనుప పీచూ పెట్టి తోమేశారు. తరాల తరబడి పట్టిన తుప్పు, క్యాను ఖరీదులో సగం దానిదే, మురుగు కాలవలో కలిసిపోయింది. సాయంత్రం ఈయన వచ్చి చూసి నోరు తెరిచి మూసుకున్నారు. "మొహం చూసుకోవచ్చు, చూడు" అన్నారు అత్తగారు. ఈయన వంగి నిజంగానే చూసుకున్నారు. అందులో కనబడ్డ మొహం మాత్రం చూడదగ్గట్టు లేదు.

ఫిబ్రవరిలో మా కాలనీ సంఘం నుంచి ఉత్తరం: పండగ అలంకరణలు వెంటనే తీసేయాలి. స్లెడ్డు పండగ వస్తువు కాదు, వాహనం అని ఈయన జవాబిచ్చారు. వాహనాలు ఇంటి ముందు నిలపరాదని వాళ్ల నిబంధన పంపారు. న్యాయం ఎవరిదో నేను చెప్పను, ఇద్దరూ నా కళ్లకి ఒక్కలాగే కనబడ్డారు.

ఏప్రిల్లో ఇక నేనే నడుం బిగించి రీత్ దించబోయాను. బుర్రుమని ఓ పిట్ట లేచిపోయింది. లోపల గూడు, అందులో లేత నీలం గుడ్లు. హౌస్ ఫించ్ అంటారు, మగదాని తలా రొమ్మూ కుంకుమ పూసినట్టుంటాయి. నిజానికి పశ్చిమ రాష్ట్రాల పిట్టలు. 1940 ప్రాంతంలో న్యూయార్కులో పంజరాల్లో పెట్టి దొంగచాటుగా అమ్మేవాళ్లు భయపడి వదిలేస్తే, తూర్పంతా కాపురాలు పెట్టాయి. వీసా గొడవ కూడా లేదు. పైగా 1918 నాటి వలస పక్షుల చట్టం వాటికి కాపలా: గుడ్లున్న గూడు తీయకూడదు. ఈయన ఆ చట్టం ప్రతి తీసి సంఘానికి పంపారు. గుడ్లు పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు. ఆ తర్వాత మళ్లీ పెట్టినా పెట్టొచ్చు. "పురిటి గుమ్మం, ఎవరూ తలుపు తియ్యకండి" అని అత్తగారు అడ్డంగా కుర్చీ వేశారు.

మే నెలలో ఆవిడ తిరుగు ప్రయాణం. సూట్‌కేసు తూకం వేస్తూ ఈయన మెల్లగా అడిగారు: "అమ్మా, ఆ బండిచక్రాలు కొన్నవాడి దగ్గర ఇంకా ఉన్నాయంటావా?"

"ఎందుకుంటాయిరా? హైదరాబాద్ అవతల ఏదో రిసార్టువాళ్లు పట్టుకుపోయి గోడకి తగిలించుకున్నారట. గది అద్దెకి తీసుకుంటే చూడనిస్తారేమో, అడుగు."