గింజసూత్రం: టీకాతాత్పర్యసహితము

మూలము

"పిల్ల పిట్టే సార్, గింజలేస్తే చాలు, రెండ్రోజుల్లో అదే అలవాటైపోద్ది."

అవతారిక

ఈ సూత్రాన్ని పక్షుల కొట్టు యజమాని ఒకాయన ఒక చేత్తో అట్టపెట్టెకు గాలిచిల్లులు పొడుస్తూ, ఇంకో చేత్తో చిల్లర లెక్కపెడుతూ ఉపదేశించాడు. పెట్టెలో ఉన్నది కాకటీల్ పిల్ల. బూడిదరంగు ఒళ్లు, బుగ్గ మీద నారింజరంగు చుక్క, నెత్తిన నిక్కపొడుచుకున్న జుట్టు.

సూత్రమన్నాక అక్షరాలు తక్కువ, అర్థం ఎక్కువ ఉండాలి. ఇందులో రెండూ తక్కువే. అందుకే వ్యాఖ్య అవసరమైంది. మన మెదక్ సీమ కొల్చారం పండితుడు మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిన పట్టి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. కాళిదాసు దొరికినవాడికి ఆ ప్రతిన చెల్లుతుంది. పక్షుల కొట్టు దొరికినవాడు మూలంలో లేనిదే రాయాలి. పిట్ట ప్రాణం ఉన్నదంతా అక్కడే.

ప్రతిపదార్థము

పిల్ల = ఈకలు వచ్చి, ఎరుక ఇంకా రానిది. కాకటీల్ పిల్ల ఎనిమిది నుంచి పది వారాల మధ్య తల్లి నోటి మేతో, మనిషి పట్టే పిండో మాని, తనంతట తాను గింజ ఒలుచుకోవడం నేర్చుకుంటుంది. అంతకంటే ముందే అమ్మేసి, "చిన్నప్పుడే తీసుకెళ్తే బాగా మచ్చికవుద్ది" అనేవాళ్లున్నారు. ఇది అపసిద్ధాంతం. తినడం వచ్చిన పిల్ల కూడా మచ్చికవుతుంది. తినడం రాని పిల్ల మచ్చికయ్యేదాకా బతకకపోవచ్చు. తల కిందికీ పైకీ ఊపుతూ, ఆపకుండా గీపెడుతూ, నిండు గిన్నె పక్కనే కూర్చుని నోరు తెరుస్తుంటే, ముద్దు చేస్తోందని ఇంటిల్లిపాదీ ఫోన్లు తీసి వీడియోలు పడతారు. అది ముద్దు కాదు, ఆకలి. దానికింకా చేతిమేత కావాలి. ఆ పిండి పట్టడం చెయ్యి తిరిగినవాళ్ల పని. వేడి కాస్త ఎక్కువైతే గొంతు కింద మేత నిలిచే సంచి లోపల కాలుతుంది, చల్లబడితే మేత అక్కడే నిలిచి పులుస్తుంది.

పిట్టే = చివరి ఏకారం నిశ్చయార్థకం. రామచిలుక కాదు సుమా, అని దాని బలం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన రామచిలుకను పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. పంజరంలోంచి జోస్యపు చీటీ తీసే చిలుకకూ ఇదే వర్తిస్తుంది. ఆస్ట్రేలియా నుంచి వచ్చి తరతరాలుగా పంజరాల్లోనే పిల్లలు చేస్తున్న కాకటీల్ సంగతి వేరు.

సార్ = సంబోధన. డబ్బు ఇంకా ఇవ్వనివాడు అని అర్థం.

గింజలు = కొర్రలు, సామలు, వరిగలు, మధ్యమధ్య పొద్దుతిరుగుడు పలుకులు. కొట్లలో ప్లాస్టిక్ కవరు తొడిగి మిల్లెట్ స్ప్రే అని అమ్మేది మన కొర్రకంకే. ఆస్ట్రేలియా పిట్టను రాయలసీమ పంట మచ్చిక చేస్తుందన్నమాట.

ఈ పదం దగ్గర కాస్త ఆగాలి. గింజ తప్పుడు మేత కాదు, గింజ మాత్రమే పెట్టడం తప్పు. పొద్దుతిరుగుడులో కొవ్వు ఎక్కువ. పిట్ట ముందు అవే ఏరుకుని, మిగతావి కాలితో చిమ్ముతుంది. ఈ గింజల్లో విటమిన్ ఎ, కాల్షియం చాలినంత ఉండవు. ఆ లోటు పైకి కనబడేసరికి నెలలు గడిచిపోతాయి. అందుకే ఆకు కావాలి: కొత్తిమీర, మునగాకు, క్యారెట్ తురుము. కాల్షియానికి పంజరం గోడకు కటిల్ బోన్ ఒకటి వేలాడదీయాలి. మూలికల కొట్లో సముద్రఫేనమని ఇచ్చేది ఇదే.

ఇక పొట్టు ప్రకరణం. కాకటీల్ గింజను ముక్కు అంచున పట్టి, నాలుకతో తిప్పి, పలుకు మింగి పొట్టు వదిలేస్తుంది. ఆ పొట్టు తిరిగి గిన్నెలోనే పడుతుంది. సాయంత్రానికి గిన్నె పొద్దున పోసినంత నిండుగానే కనిపిస్తుంది. "ఏమీ తినలేదండీ పాపం" అని ఇల్లాలు, "తిండి ఉంది కదా, మళ్లీ ఎందుకు" అని ఇంటాయన. నిజానికి గిన్నెలో మిగిలింది పొట్టే. తిండి ఎదురుగా ఉందని అందరూ అనుకుంటుండగా పిట్ట పస్తుంటుంది. దీనికి ఒకటే పరీక్ష, గిన్నె మీద ఊదడం. పొట్టయితే ఎగిరిపోతుంది, గింజయితే ఉంటుంది. రోజూ ఊదాలి, ఊదిన చోట ఊడ్చుకోవాలి.

వేస్తే = ఎక్కడ? మూలం మౌనం. కొత్త చోట బెదిరిన పిల్ల గిన్నె దాకా పోదు, ఎక్కి కూర్చున్న కొమ్మ దిగదు. కాబట్టి మొదట్లో ఒక కొర్రకంకిని కొమ్మకు ఆనేలా, దాని ముక్కుకు అందేలా కట్టాలి. పంజరం అడుగున కాగితం పరిచి నాలుగు గింజలు చల్లాలి. అడవిలో కాకటీళ్లు నేల మీదే గింజలు ఏరుకుంటాయి గనక చల్లినవి త్వరగా గుర్తుపడతాయి. కొమ్మంటే కొట్లో ఇచ్చే నున్నటి గుండ్రని కర్ర కాదు. మందు కొట్టని జామకొమ్మో వేపకొమ్మో కడిగి పెడితే మేలు. లావు ఒకచోట ఒకలా ఉంటే కాళ్లకు సుఖం.

చాలు = చాలదు.

రెండ్రోజుల్లో = కొత్త ఇంట్లో పిల్ల కొన్ని గంటలు ముట్టకపోవడం సహజం. ఒక పగలంతా ఏమీ తినకపోతే మాత్రం పక్షుల్ని చూసే పశువైద్యుడికి ఫోను చెయ్యాలి. ఎదిగిన కాకటీలే నూరు గ్రాములకు అటూఇటూ తూగుతుంది. అంత చిన్న ఒంట్లో నిల్వ ఎంతని? పైగా పక్షి జబ్బును దాస్తుంది, నీరసించిన సంగతి శత్రువుకు తెలియకుండా నిక్కి కూర్చుంటుంది. కళ్లు చెప్పనిది వంటింటి తూకం చెబుతుంది. గ్రాములు చూపే చిన్న తూకం మీద రోజూ పొద్దున్నే, మేతకు ముందు తూచి, క్యాలెండర్ గడిలో పాల లెక్క పక్కన రాసుకోవాలి. పదో వంతు తగ్గితే అమావాస్య, ఆదివారం చూడకుండా బయల్దేరాలి. రెట్ట కూడా చూడాలి. సరిగ్గా తినే పిట్ట రెట్టలో పచ్చటి భాగం, తెల్లటి భాగం, కాస్త నీరు ఉంటాయి.

అదే = ఇక్కడ వ్యాఖ్యాతల్లో భేదం ఉంది. పిట్టే అలవాటు పడుతుందని కొట్టువాడి మతం. ఇల్లు అలవాటు పడాలని మా మతం. వంటింట్లో పంజరం పెట్టరాదు. ఎందుకంటే, నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ మనకు వాసనైనా తగలకముందే నిమిషాల్లో పక్షిని చంపుతుంది. అగరొత్తులు, దోమల చక్రాలు కూడా ఆ గదిలో వద్దు. పంజరం తలుపు తీసే ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపాలి, కిటికీలు మూయాలి.

అలవాటైపోద్ది = ఎవరికెంత తొందరో ఈ క్రియే చెబుతోంది. మొదటి రోజుల్లో పిట్టను పట్టుకోవద్దు. పంజరాన్ని ఒక పక్క గోడ ఆసరా ఉండేలా, మనిషి కంటి ఎత్తున పెట్టి, దగ్గర కూర్చుని పేపరు చదువుకోవాలి. దాని జుట్టు చదవడం వస్తే సగం పని అయినట్టే. నిటారుగా నిలబెడితే ఉలికిపాటు, తలకు అంటుకుపోయేలా అణిచి బుస కొడితే కోపమో భయమో, సగం వాల్చితే నెమ్మది. చేతిలో కంకి పట్టుకుని కదలకుండా ఉండండి. ఒక కాలు కొమ్మ మీదే ఉంచి, మెడ తీగలా సాచి, ఒక్క గింజ లాక్కుని వెనక్కి జరుగుతుంది. చెయ్యి దాని మీదికి పోరాదు, అదే చేతి మీదికి రావాలి. రాత్రి పది పన్నెండు గంటలు నిద్ర కావాలి. అలాగని కటిక చీకటి చెయ్యకండి. చీకట్లో ఉలిక్కిపడి రెక్కలు విరిగేలా కొట్టుకునే గుణం ఈ జాతికి ప్రత్యేకం. ఒక బెడ్‌ల్యాంప్ వెలిగితే మంచిది.

తాత్పర్యము

పిట్ట అమ్ముడుపోయినదని భావము.

శంకాసమాధానములు

శంక: ఆకు పెడితే ముట్టడం లేదు, ఎలా?
సమాధానం: అది ఆకును తిండిగా గుర్తించలేదు. గుంపులో తినే జాతి, పక్కది తింటే తాను తింటుంది. ఇక్కడ పక్కది మీరే. భోజనాల వేళ పంజరాన్ని దగ్గరికి జరిపి, అది చూస్తుండగా కొత్తిమీర రెబ్బ నమలండి. వడ్డించేవాళ్లు వింతగా చూస్తే చూడనివ్వండి. కట్టను నీళ్లలో ముంచి తడిగా వేలాడదీస్తే ఆడుకుంటూ కొరుకుతుంది. పొద్దున ఆకలి మీద ఆకు, ఆ తర్వాత గింజలు. అంతేగానీ ఆకు తినిపించాలని గింజలు తీసెయ్యకండి. మొండికేసి పస్తుంటుంది.

శంక: మేడ మీది పిన్నిగారు పచ్చిమిరపకాయ పెట్టమన్నారు. మండదా?
సమాధానం: మండదు. మిరపలో మనకు మంట పుట్టించే పదార్థం పక్షి నరాలకు మంటగా తెలియదు. పిన్నిగారి పాఠం గ్రాహ్యం.

శంక: మామగారు పెరుగన్నం అంటున్నారు.
సమాధానం: ఉప్పు లేని ఉడికిన అన్నం నాలుగు మెతుకులు చాలు. పాలు అరిగించుకునే శక్తి పక్షులకు లేదు. మామగారికి ఈ సంగతి అత్తగారి చేత చెప్పించడం ఉత్తమం. అవకాడో, చాక్లెట్, కాఫీ, ఉల్లి, వెల్లుల్లి విషాలు. వాటి మీద ఏ మామగారి మాటా చెల్లదు.

శంక: మాట్లాడేదెప్పుడు? పిల్లలు అడుగుతున్నారు.
సమాధానం: డెబ్బై కథలు చెప్పి ఇల్లాలిని గడప దాటనివ్వని శుకసప్తతి చిలుక వల్ల మనకు ఆశలు పెరిగాయి. కాకటీళ్లలో మగవి ఈలలు బాగా వేస్తాయి, కొన్ని నాలుగైదు మాటలు పలుకుతాయి. ఆడవి ఎక్కువగా ఆ జోలికి పోవు. ఏదైనా ముందు కడుపు నిండాలి.

విజ్ఞప్తి

కొనబోయేవారికి ఒక మనవి. డబ్బు చేతికిచ్చే ముందు, ఆ పిల్ల మీ కళ్లెదుట పది గింజలు తనంతట తాను ఒలుచుకు తినేదాకా కొట్లోంచి కదలకండి. కొట్టువాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.