ఎంటర్‌ప్రైజ్ ప్లాను పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె. ఉచిత మనుచు పిలిచి యూరించి యాపైని
తాళ మేసి చెవికి ధరను గట్టు;
దొంగ వచ్చినట్టి తోవఁ జూపెడు దివ్వె
దొరకు మాత్ర మిచ్చు దొడ్డ సంస్థ!

అవతారిక: కవి ఒక చిన్న ఆఫీసులో సిస్టమ్ అడ్మిన్. ధరల పట్టికలో తనకు కావలసిన టిక్కుమార్కు చిట్టచివరి గడిలోనే ఉండుటయు, ఆ గడిలో ధరకు బదులు 'సేల్స్‌ను సంప్రదించండి' అని ఉండుటయు చూచి, కడుపుమండి చెప్పిన పద్యమిది.

ప్రతిపదార్థం: దొడ్డ సంస్థ = పేరుమోసిన సాఫ్ట్‌వేర్ కంపెనీ; ఉచితము అనుచు పిలిచి = 'క్రెడిట్ కార్డు అక్కర్లేదు' అని ఆహ్వానించి; ఊరించి = ట్రయల్‌లో అన్నీ వాడనిచ్చి; ఆపైని = మన ఫైళ్లన్నీ అందులో చేరిపోయిన తరువాత; తాళము వేసి = బటన్ మీద చిన్న తాళం బొమ్మ పెట్టి; చెవికి = ఒకే లాగిన్‌తో యాప్‌లన్నిటినీ తెరిచే సింగిల్ సైన్-ఆన్ అనే సదుపాయమునకు; ధరను కట్టు = వెల నిర్ణయించును; దొంగ వచ్చినట్టి తోవను చూపెడు దివ్వె = ఎవరెప్పుడేమి చేసిరో రాసిపెట్టే ఆడిట్ లాగును; దొరకు మాత్రము = ఎంటర్‌ప్రైజ్ చందాదారుకే; ఇచ్చు = ఇచ్చును.

తాత్పర్యం: చేర్చుకునేటప్పుడు లేని బేరం, చేరాక మొదలవుతుంది.

విశేషాలు: 'తాళ మేసి' గ్రామ్యం. కోపంలో ఉన్నవాడికి వ్యాకరణం గుర్తుండదు గనుక క్షమ్యం. 'దొడ్డ' అనుటలో వ్యాజస్తుతి.

చెవి విలాసవస్తువు కాదు. సింగిల్ సైన్-ఆన్ ఉంటే, ఉద్యోగి మానేసిన రోజున ఒక్కచోట ఖాతా మూస్తే చాలు, తక్కిన యాప్‌లలోకీ లాగిన్ కాలేడు. అది లేని అడ్మిన్ ఎక్సెల్ షీటు ముందేసుకుని ఒక్కో యాప్‌లో పేరు తీసేస్తూ పోతాడు. ఏదో ఒకటి మరిచిపోతాడు.

దివ్వె కవికల్పన కాదు. 2023లో చైనా హ్యాకర్లు మైక్రోసాఫ్ట్ ఈమెయిల్ ఖాతాల్లోకి చొరబడ్డారు. జూన్‌లో పసిగట్టింది అమెరికా విదేశాంగ శాఖ. ఏ మెయిల్ ఎప్పుడు తెరుచుకుందో రాసిపెట్టే లాగు దాని దగ్గర ఉంది. అది ఖరీదైన లైసెన్సుతో వచ్చేది. మామూలు లైసెన్సువారి ఇంట అదే దొంగ తిరిగినా ఆ జాడ వాళ్లకు కనిపించేది కాదు. గొడవ రేగాక, జులైలో ఆ కంపెనీ మామూలు చందాదారులకూ అదనపు రుసుము లేకుండా మరిన్ని లాగులు ఇస్తామని ప్రకటించింది. అవి నిలవ ఉండే గడువును 90 రోజుల నుంచి 180కి పెంచింది.

పూర్వపక్షం: లాగులు దాచడానికి సర్వర్లకు ఖర్చవదా? పెద్ద కంపెనీల దగ్గర ఎక్కువ పుచ్చుకోబట్టే గదా చిన్నవాళ్లకు చవగ్గా వస్తున్నది?

సిద్ధాంతం: ఖర్చవుతుంది, పుచ్చుకోండి. వెయ్యిమంది వాడితే వెయ్యిమందికి వసూలు చేయండి. పదేళ్ల లాగులు దాచమన్నవాడి దగ్గర పదేళ్ల అద్దె తీసుకోండి. రంగురంగుల డాష్‌బోర్డులకు ఎంత చెప్పినా అడిగేవాడు లేడు. కాని దొంగ పడ్డాడని తెలిసే పాటి సదుపాయం అమ్మిన సరుకులో భాగమే. దాన్ని పై ప్లానుకు ఎక్కించడం వ్యాపారం కాదు, భయం మీద బేరం.

కాబట్టి పాఠకులారా, సంతకం పెట్టే ముందు ధరల పట్టికను చివరి గడి నుంచి చదవండి. రక్షణకు సంబంధించినవి అక్కడ కనిపిస్తే, మొదటి గడిలోకి దించమని ముందే అడగండి. ఫైళ్లన్నీ ఎక్కించాక అడిగితే సేల్స్‌వారే ధర చెబుతారు.