ఒక డ్యూబోస్క్ కలరీమీటరు ఆత్మకథ

ఈ ఆత్మకథ ఒక కలరీమీటరుది, అంటే ద్రావణపు రంగు ఎంత చిక్కగా ఉందో పోల్చి అందులోని పదార్థం ఎంతో తేల్చే పరికరానిది. దాని వంశమూలం 19వ శతాబ్దపు పారిస్‌లో, దృశ్య పరికరాల నిర్మాత జూల్ డ్యూబోస్క్ పనిశాలలో ఉన్నది. పనిచేసిన చోటు మాత్రం బోస్టన్‌లోని హార్వర్డ్ వైద్య కళాశాల జీవరసాయన శాఖ.

తన నిర్మాణాన్ని గురించి ఈ కలరీమీటరు ముందుగా చెప్పుకోవలసి ఉన్నది, ఎందుకంటే తరువాతి కథంతా దాని మీదే ఆధారపడింది. లోహపు స్తంభానికి రెండు గాజు గిన్నెలు పక్కపక్కనే అమరి ఉంటాయి. ఒకదానిలో గాఢత ముందే తెలిసిన ప్రమాణ ద్రావణాన్ని, రెండోదానిలో రక్తం నుంచో మూత్రం నుంచో తయారుచేసిన, గాఢత తేలవలసిన ద్రావణాన్ని పోస్తారు. ప్రతి గిన్నెలోకీ పైనుంచి ఒక గాజు కడ్డీ దిగి ఉంటుంది. పక్కనున్న మరను తిప్పినప్పుడు గిన్నె అడుగుకూ కడ్డీ కొసకూ మధ్యనున్న ద్రావణపు లోతు మారుతుంది. కింది అద్దం మీద పడిన వెలుతురు ఆ రెండు లోతుల గుండా పైకి వచ్చి, పట్టకాల సాయంతో, చూసేవారి కంటికి ఒకే వృత్తంలోని రెండు అర్ధభాగాలుగా కనిపిస్తుంది. ఆ రెండు సగాల రంగూ ఒకటైన చోట మర ఆపి, మిల్లీమీటర్ల కొలబద్దను చదువుతారు. చిక్కని ద్రావణానికి తక్కువ లోతూ, పలుచని దానికి ఎక్కువ లోతూ పడుతుంది కనుక, ప్రమాణ ద్రావణం 20 మిల్లీమీటర్ల వద్ద ఉండగా రెండోది 10 వద్ద సరిపోలితే, రెండోదాని గాఢత రెట్టింపని లెక్క; బీర్ సూత్రమనేది ఈ సంబంధాన్నే.

వైద్యరంగంలో ఈ పరికరానికి స్థానం కల్పించినవారు స్వీడన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఒట్టో ఫోలిన్. కండరాలలోని క్రియాటిన్ నుంచి పుట్టి మూత్రంలో బయటికి పోయే క్రియాటినిన్‌ను పిక్రిక్ ఆమ్లంతో నారింజ రంగుకు తెచ్చి, డ్యూబోస్క్ కలరీమీటరుతో కొలిచే పద్ధతిని ఆయన 1904లో ప్రకటించారు. తినే మాంసకృత్తులు పెరిగినా తగ్గినా ఒక మనిషి రోజూ విసర్జించే క్రియాటినిన్ దాదాపు మారదని ఆయన గమనించడానికి ఈ కొలతే ఆధారమైంది. 1907లో ఆయన హార్వర్డ్‌కు వచ్చారు. 1919లో చైనా శాస్త్రవేత్త షియన్ వూతో కలిసి, టంగ్‌స్టిక్ ఆమ్లంతో రక్తంలోని ప్రోటీన్లను విరగ్గొట్టి వడపోసి, మిగిలిన తేటలోనే చక్కెర, యూరియా, క్రియాటినిన్ వంటివాటిని కొలిచే విధానాన్ని రూపొందించారు. రోగి నుంచి కొద్దిపాటి రక్తం తీసుకుంటే చాలునన్న వెసులుబాటు అలా వచ్చింది.

బోధనలో ఈ కలరీమీటరు పాత్ర పరిశోధనలో దాని పాత్రకు ఏమాత్రం తీసిపోదు. తొలిసారి దాని ముందు కూర్చున్న విద్యార్థికి మొదట నేర్పేది రెండు గిన్నెలలోనూ ఒకే ద్రావణం పోసి, రెండు వైపులా లోతు సమానమైనప్పుడు రంగూ సమానంగా కనబడుతున్నదా అని పరీక్షించడం. కనబడకపోతే తప్పు ద్రావణానిది కాదు, అద్దం వాలుదో, మరక పడిన గాజుదో, కడ్డీ కింద చిక్కుకున్న గాలిబుడగదో. తదేకంగా చూస్తే కన్ను అలసి తేడా పసిగట్టలేదు కనుక, ఒకసారి తక్కువ లోతు నుంచీ ఒకసారి ఎక్కువ లోతు నుంచీ సరిపోలిక బిందువును చేరి, పలు కొలతల సగటు తీసుకోవాలి. రక్తంలో చక్కెర ఎంతో పుస్తకంలో చదివిన వైద్యుడికీ, ఆ అంకె ఎన్ని చోట్ల తప్పిపోగలదో చేత్తో చేసి తెలుసుకున్న వైద్యుడికీ మధ్య అంతరం పెద్దది. వైద్య కళాశాలలో జీవరసాయన శాఖ ఉండవలసిన మొదటి కారణం ఈ అంతరమే.

భీమవరంలో 1895లో జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1923లో బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే వద్ద పనికి కుదిరారు. రక్తంలో భాస్వరాన్ని కొలవడానికి అప్పటికే పద్ధతులున్నా అవి తృప్తికరంగా లేవు. ఆమ్ల మాధ్యమంలో ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసి ఏర్పరచే సంయోగాన్ని అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లంతో క్షయకరణం చేస్తే, కొద్ది నిమిషాల్లోనే కొలతకు అనువైన నీలం వస్తుందని వారిద్దరూ 1925లో ప్రకటించారు.

ఆ నీలమే తరువాత ఒక చిక్కు తెచ్చింది. అప్పుడే తీసిన కండరం నుంచి తయారుచేసిన తేటలో రంగు వెంటనే రాక, నెమ్మదిగా, ఆగి ఆగి చిక్కబడింది. అకర్బన ఫాస్ఫేటు అయితే అలా ఆలస్యం కాకూడదు. పద్ధతి ప్రకారం నిర్ణీత సమయానికి కొలత తీసి ముందుకు సాగిపోవచ్చు, లేదా రసాయనం పాడైందని పారబోయవచ్చు. ఫిస్కే, సుబ్బారావులు ఆ ఆలస్యాన్నే పరిశీలనాంశంగా తీసుకున్నారు. ఫాస్ఫేటుతో బంధం ఏర్పరచుకున్న క్రియాటిన్ కండరంలో ఉందనీ, ఆమ్లంలో మాలిబ్డేటు సమక్షంలో ఆ బంధం క్రమంగా తెగుతూ ఫాస్ఫేటును వదలుతుండడం వల్లనే రంగు నెమ్మదిగా పెరుగుతోందనీ తేలింది. కండరాన్ని ప్రేరేపిస్తే ఈ ఫాస్ఫోక్రియాటిన్ తరిగి, విశ్రాంతిలో మళ్లీ కూడింది. 1927లో ఈ ఫలితం వెలువడిన కాలంలోనే ఇంగ్లండులో ఎగల్‌టన్ దంపతులు కూడా ఇలాంటి పదార్థాన్నే గుర్తించారు. కొలత పద్ధతి క్షుణ్ణంగా తెలిసినవారికే కొలతలోని వింత కనబడుతుందనడానికి ఈ కలరీమీటరు ఎరిగినంతలో ఇంతకన్నా బలమైన సాక్ష్యం లేదు.

రెండేళ్ల తరువాత, 1929లో, జీవకణాలన్నింటిలో శక్తిని చేరవేసే ఏటీపీని, అంటే అడినోసిన్ ట్రైఫాస్ఫేటును, జర్మనీలో కార్ల్ లోమన్, బోస్టన్‌లో ఫిస్కే, సుబ్బారావులు వేర్వేరుగా కనుగొన్నారు. 1934లో ఫోలిన్ మరణించారు. 1940లో సుబ్బారావు లెడర్లీ పరిశోధనశాలకు వెళ్లిపోయారు. అదే కాలంలో కంటికి బదులు కాంతివిద్యుత్ ఘటం రంగును కొలిచే కొత్త పరికరాలు రావడంతో డ్యూబోస్క్ కలరీమీటర్ల వాడకం తగ్గిపోయింది.

పద్ధతి మాత్రం పరికరాన్ని దాటి బతికింది. తెలుగునాట వైద్య కళాశాలల బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో సీరమ్ భాస్వరాన్ని కొలవడానికి ఫిస్కే–సుబ్బారావు పద్ధతినే తరతరాల విద్యార్థులు నేర్చుకున్నారు. పెద్దలలో 100 మిల్లీలీటర్ల సీరమ్‌కు సుమారు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాములుండే అకర్బన భాస్వరం, ఎముకలు పెరిగే పిల్లలలో సహజంగానే ఎక్కువగా ఉంటుంది, మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో రోగలక్షణంగా పెరుగుతుంది, రికెట్స్‌లో తరచు తగ్గుతుంది.