పక్కవాద్యాలూ వాడివే

మా మేనల్లుడికి పదకొండు వాద్యాలు వచ్చు. వచ్చు అంటే, పదకొండూ ఇంటికి వచ్చాయి. గిటారు ఇంజినీరింగు రెండో ఏట వచ్చింది. కీబోర్డు మొదటి జీతంతో వచ్చింది. వయొలిన్, యుకులేలే, కహోన్ వగైరాలు నెలవారీ వాయిదాల మీద వచ్చాయి. మా నాన్నగారి బొబ్బిలి వీణ మాత్రం విజయనగరం నుంచి బస్సులో, తనకో సీటు టికెట్టు కొట్టించుకుని మరీ వచ్చింది. ఒక్కో వాద్యం మీద వాడికి ఒకటిన్నర పాట వాయించడం తెలుసు. ఆ సగం పాట ఎప్పుడూ మొదటి సగమే.

ఉద్యోగం సాఫ్ట్‌వేరు. పాటలు తనే రాస్తాడు, తనే కడతాడు, తనే పాడతాడు. "సినిమావాళ్ళకి ఎవరికైనా వినిపించరాదురా" అంటే, "నేను ఇండిపెండెంట్ మావయ్యా" అంటాడు. ఆ స్వాతంత్ర్యం వనస్థలిపురంలో మా అక్కయ్య ఇంట్లో, వెనక గదిలో, అద్దె లేకుండా నడుస్తోంది.

ఆ గదికి స్టూడియో అని పేరు. వాడి ఆల్బమ్ అక్కడే తయారవుతోంది. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించాడు. మా అక్కయ్య ఇంట్లోకి గుడ్డు అడుగు పెట్టి ఎరగదు. ఒక్కో అట్టలో ముప్ఫై గుంటలు, అలాంటివి నలభై అట్టలు ఆటోలో దిగేసరికి, పన్నెండు వందల గుడ్లు ఈ ఇంట్లో ఎవరు తిన్నారా అని పక్కింటావిడ ఇప్పటికీ లెక్క తేల్చుకోలేకపోతోంది. అట్టలు గదిలో మారుమోతని కాస్త తగ్గిస్తాయేమో కానీ బయటి చప్పుడుని ఆపవు. దానికి బరువైన గోడ కావాలి. అందుకని మొదటి పాట రెండో చరణంలో, విరహం పతాకస్థాయికి చేరినచోట, పాత ఇనప సామాన్లు కొంటాం అన్న కేక స్పష్టంగా వినిపిస్తుంది.

కేకనైనా కత్తిరించవచ్చు. కరెంటుని ఏం చేస్తాం? మన కరెంటు సెకనుకి యాభై సార్లు అటూ ఇటూ ఊగుతుంది కదా, ఆ ఊగుడు తీగల్లోంచి మైకులోకి దిగి గుంయ్‌మని సన్నగా కూర్చుంది. మూడు రోజులు వైర్లు మార్చాడు, ఫ్రిజ్ ఆపాడు, పెరుగు పులిసింది. నాలుగో రోజున వాడికో జ్ఞానోదయం అయింది. యాభై అంటే కీబోర్డు మీద జి స్వరానికి పక్కవాటా. పాట శ్రుతే జి దగ్గరికి జరిపేస్తే గొడవ వదులుతుంది, కరెంటాఫీసు తంబురా వేస్తుంది! నిజంగానే జరిపాడు. చిక్కల్లా, జి అంటే నలభై తొమ్మిది, కరెంటేమో యాభై. అంచేత అన్ని వాద్యాలనీ చిటికెడు పైకి బిగించాడు.

వేణువు వాయించడానికి ఒక రిటైరైన బ్యాంకు ఉద్యోగిని పిలిచాడు. ఆయన సంచీ విప్పి ఏ శ్రుతి అని అడిగితే, "అయిదుంబావు సార్" అన్నాడు. ఆయన చాలాసేపు వీడివంక చూసి, "బాబూ, నా దగ్గర అయిదుంది, అయిదున్నరుంది. అయిదుంబావు వెదురు ఇంకా మొలవలేదు" అని కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఆ వేణువు ముక్క తరవాత కీబోర్డు మీద వీడే వాయించుకున్నాడు.

అసలు సంగతి అక్కడే ఉంది. ఈ ఆల్బమ్‌కి సహకారులు తొమ్మిదిమంది. అందరినీ వీడే బతిమాలి పిలుస్తాడు. మృదంగం గురువుగారు ఆదివారం పొద్దున్న వచ్చి గంటన్నర వాయించారు. "అద్భుతం గురువుగారూ" అని కాళ్ళకి దణ్ణం పెట్టి పంపించాడు. రాత్రంతా కూర్చుని ఆయన దెబ్బ ఒక్కోటీ పట్టుకుని, గడియారపు టిక్కుకి సరిగ్గా తగిలేలా ముందుకీ వెనక్కీ లాగాడు. తెల్లారేసరికి అందులో లయ మిగిలింది కానీ గురువుగారు మిగల్లేదు. అప్పుడిక ఆయన ఎందుకని మొత్తం తనే మళ్ళీ వాయించాడు. డాలస్‌లో ఉన్న పాటగత్తె తన బట్టల బీరువాలో దూరి, చీరల మధ్య మైకు పెట్టుకుని పాడి పంపింది. ఎంతో హాయిగా పాడింది. దాని మీద వీడు ఎనిమిది వరసల కోరస్ పాడి, ఆ అమ్మాయిని మళ్ళీ బీరువాలోకి నెట్టేశాడు.

నేనోసారి ఉండబట్టలేక, "మనూళ్ళో ఆదిభట్ల నారాయణదాసుగారు రెండు చేతులు, రెండు కాళ్ళు, తలతో అయిదు తాళాలు ఒక్కసారే నడిపేవారట, తెలుసా?" అన్నాను. మందలింపుగానే అన్నాను. వాడు దాన్ని ఆశీర్వచనంగా తీసుకున్నాడు. "అమెరికాలో ప్రిన్స్ అని ఒకాయన 1978లో తన మొదటి ఆల్బమ్‌కి 27 వాద్యాలు తనే వాయించాడు మావయ్యా. నాకింకా పదహారే తక్కువ" అన్నాడు. ఆ పదహారూ ఎక్కడ పెడతాడోనని అక్కయ్య దేవుడి గదివైపు చూసుకుంది.

ఇంతలో వాటాల పేచీ వచ్చింది. సహకారులందరూ వాట్సాప్‌లో చేరి రాబోయే ఆదాయం పంచుకోవడం మొదలుపెట్టారు. పాట రాసినవాడికింత, పాడినమ్మాయికింత, వాయించి మాయమైనవాళ్ళకింత అని మూడు వారాలు తగువాడి తేల్చింది కూడితే నూట పదిహేను శాతమైంది. స్పాటిఫైలో 2024 నుంచీ ఒక నియమం ఉంది. ఏడాదిలో కనీసం వెయ్యిసార్లు వింటే తప్ప ఒక పాటకి పైసా లెక్క మొదలవదు. ఆ మాట గ్రూపులో ఎవరో పెట్టగానే అందరూ ఒక్కసారిగా ఉదారులైపోయారు. నా వాటా నువ్వే ఉంచుకో అంటే నువ్వే ఉంచుకో అనుకున్నారు.

కిందటి నెల నా వంతు వచ్చింది. "మావయ్యా, మూడో పాటకి చప్పట్లు కావాలి" అన్నాడు. కళాకారుడిగా నన్ను పిలిచినవాడు ఈ వంశంలో ఇంతవరకూ లేడు. తలుపులన్నీ వేసుకుని, మా ఇంట్లో పడకకుర్చీలో కూర్చుని, వాడు వేలెత్తినప్పుడల్లా పావుగంట చరిచాను. అరచేతులు ఎర్రబడ్డాయి. వాడు హెడ్‌ఫోన్ తీసి, "బ్రహ్మాండం మావయ్యా" అన్నాడు. ఆ మాట విన్నప్పుడే నాకు అర్థమైపోయింది.

అనుకున్నట్టే నాలుగు రోజులకి ఫోను చేశాడు. "ఏమనుకోకు, నీ చప్పట్లు అరవీసం ముందు పడుతున్నాయి. అవి నేనే కొట్టేశాను. కానీ చివర నువ్వు లేస్తున్నప్పుడు కుర్చీ కిర్రుమంది చూడు, అది మాత్రం దివ్యంగా ఉంది. అలాగే ఉంచేద్దామనుకుంటున్నా" అన్నాడు.

పోనీ, తొమ్మిదిమందిలో నా కుర్చీ ఒక్కటైనా బతికిందనుకున్నాను. ఆదివారం పొద్దున్నే ఆటో చప్పుడైంది. వాడు లోపలికొచ్చి కుర్చీని నాలుగువైపులా నొక్కి చూసి, మడతపెట్టి చంకన పెట్టుకున్నాడు.

"అంతా బాగానే ఉంది కానీ మావయ్యా, కిర్రు కొంచెం లేటుగా పడుతోంది. ఓ వారం ఇస్తే నేనే వాయించి తెచ్చిస్తాను."