నీళ్ల కొలువు కావాలా నాయనా?

పద్మారావు నగర్‌లో పిల్లవాడు ఇంటర్ పాసయ్యేలోపే వాడేం చదవాలో తేలిపోయి ఉంటుంది. కంప్యూటర్లు. అందులో సీటు దొరక్కపోతే ఇంకో పేరుతో ఉన్న కంప్యూటర్లు. ఎవడైనా తలతిక్క పిల్లాడు "వ్యవసాయ ఇంజనీరింగు చదువుతా, నీటి యాజమాన్యం నేర్చుకుంటా" అన్నాడో, తల్లి స్కందగిరి గుడిలో అర్చన చేయిస్తుంది, తండ్రి అమెరికా కన్సల్టెన్సీకి ఫోన్ కొడతాడు. అన్నీ దాటి వాడు చదివేసినా, పెళ్లిచూపుల్లో అవతలివాళ్లు అడిగేది ఒకటే: "నీళ్ల పనా? ఎన్ని ట్యాంకర్లున్నాయండీ?"

నవ్వకండి. ఆ అడిగినాయనకు లోకం తెలుసు. మన దగ్గర నీళ్లు తోడేవాడు బతుకుతాడు, మోసేవాడు బతుకుతాడు, అమ్మేవాడు మేడ కడతాడు. కొలిచేవాడికీ, పంచేవాడికీ, మిగిల్చేవాడికీ మాత్రం కొలువు లేదు.

నమ్మకపోతే ఏప్రిల్‌లో మా వీధుల్లో తిరగండి. నల్లాలో వచ్చే నీళ్లు కృష్ణ నుంచో గోదావరి నుంచో వంద కిలోమీటర్లకు పైగా పంపుల మీద ఎక్కి దిగి వస్తాయి. అవి చాలకపోతే బోరు లారీ వస్తుంది. బోరు వేయాలంటే ముందు అనుమతి తీసుకోవాలని 2002లో వాల్టా చట్టం చేశారు. మంచి చట్టమే. కాకపోతే చట్టం పగలు డ్యూటీ చేస్తుంది, బోరు లారీ రాత్రి చేస్తుంది.

ఇంజనీర్లంటే మనకు గౌరవం లేదనకండి. పోయినవాళ్లయితే చాలు, పూజలే. ధవళేశ్వరం కట్టిన కాటన్ దొరకు గోదావరి జిల్లాల్లో ఊరూరా విగ్రహాలు. సెప్టెంబరు 15న విశ్వేశ్వరయ్యకు దండ, జూలై 11న నవాబ్ అలీ నవాజ్ జంగ్‌కు దండ. ఆ దండలు వేసిన చేతులతోనే మనవాళ్లు గోదావరి మీద మేడిగడ్డ బ్యారేజీ కట్టారు. 2019లో ప్రారంభం, 2023 అక్టోబరు 21న పియర్లు కుంగాయి. ఆ రోజు దండ వేయించుకోవడానికి ఒక్కరూ ముందుకు రాలేదు.

సర్కారు కొలువు సంగతికొద్దాం. అశోక్‌నగర్‌లో గది తీసుకుని, హాస్టల్ పప్పుచారు తాగుతూ చదివిన పిల్లలు 2023 జనవరి 22న అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ (ఏఈఈ) పరీక్ష రాశారు. పేపరు బయటికి పోయిందని తేలి, మార్చిలో పరీక్ష రద్దయింది. కాలువల లీకేజీ అరికట్టాల్సిన ఇంజనీర్ల కోసం పెట్టిన పరీక్షకే లీకేజీ!

సరే, ఎలాగో కొలువు దొరికిందనుకుందాం. హిమాయత్‌సాగర్ దగ్గర వాలంతరి అనే శిక్షణ సంస్థ ఉంది. చివరి ఆయకట్టుకు నీరెలా చేర్చాలో, పొలంలో నీటిని పొదుపుగా ఎలా వాడాలో అక్కడ చెబుతారు. విని ఆఫీసుకొస్తే ఎదురుగా ఉండేవి అంచనాలు, సవరించిన అంచనాలు, మళ్లీ సవరించిన అంచనాలు. వానలతో పని లేకుండా ఏటా నిండే జలాశయం మనకు అదొక్కటే.

పోనీ రైతు దగ్గరికెళ్లి సలహా చెబుతావా? 2004లో ఉచిత కరెంటు వచ్చింది, 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో ఇరవై నాలుగు గంటలూ వచ్చింది. బోరుకు ఆటో స్టార్టర్ బిగించి రైతు నిద్రపోతాడు, మోటారు మేలుకుంటుంది. ఇందులో రైతు తప్పేం లేదు. వడ్లు కొనడానికి ఊరూరా కేంద్రం పెట్టి, ఆరుతడి పంట వేసినవాణ్ని మార్కెట్‌కు వదిలేసి, పైగా "వరి తగ్గించు నాయనా" అని చెప్పమంటే, నీకు ఆ ఊళ్లో మంచినీళ్లు కూడా పుట్టవు.

ఇక్కడ వెటకారం కాసేపు పక్కన పెట్టాలి. 2003 నుంచి కొన్నేళ్లపాటు అనంతపురం, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులు తమ నీళ్లు తామే కొలుచుకున్నారు. వాన ఎంత పడిందో, బావిలో నీరు ఎంత లోతున ఉందో ఆడా మగా కలిసి రాసుకున్నారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని పంటల నీటి బడ్జెట్ వేసుకున్నారు. చట్టం లేదు, జరిమానా లేదు, చాలామంది వాళ్లంతట వాళ్లే తక్కువ నీటి పంటలకు మళ్లారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడు నిలిచిన పని అది. ప్రాజెక్టు గడువు తీరింది. ఆ కొలిచే పని మాత్రం ఊళ్లో ఒక్కరికీ నికరమైన జీతంగా మారలేదు.

మన తాతలకు ఆ మాత్రం తెలివుండేది. చెరువుకు నీరటిని పెట్టుకున్నారు. తూము ఎప్పుడు తీయాలి, ఎవరి మడికి ఎంత వదలాలి అన్నది అతని పని. ఊరే అతన్ని పోషించేది. 2015లో మిషన్ కాకతీయ పేరిట నలభై ఆరు వేల చిల్లర చెరువుల జాబితా కట్టి పూడిక తీయడం మొదలుపెట్టాం. మట్టి తోలారు, బిల్లులు తీసుకున్నారు. నీరటి ఊసు ఎవరూ ఎత్తలేదు. జేసీబీకి ఉన్న భవిష్యత్తు మనిషికి లేకపోయె.

మా పక్కనే బన్సీలాల్‌పేట మెట్లబావి ఉంది. దశాబ్దాలపాటు అందులోకి చెత్త విసిరాం. పట్టుబట్టి ఆ చెత్తంతా తోడి 2022 డిసెంబరు 5న తెరిస్తే, అడుగున నీళ్లు ఊరి ఉన్నాయి! వేయి అడుగుల బోరు ఎండిపోయిందని ఏడ్చే మనం ఇప్పుడు అక్కడికెళ్లి సెల్ఫీ దిగి, ఇంటికొచ్చి ట్యాంకర్ బుక్ చేస్తున్నాం.

పద్మారావు నగర్ పెద్దలారా, నీళ్ల చదువు చదివిన పిల్లాడు మీ వీధిలో ఒక్కడున్నా వాణ్ని అమెరికా పంపేలోపు ఒకసారి మీ అపార్టుమెంటుకు పిలవండి. ప్లానులో గీసిన ఇంకుడు గుంత ఎక్కడుందో వెతికించండి. దాని మీద సిమెంటు పోసి నిలిపిన కారు సెక్రటరీ గారిదైనా సరే, ముందు దాన్ని తీయించండి. ట్యాంకర్‌వాడికి అడిగినంతా ఇచ్చినట్టే, ఆ పిల్లాడి ఫీజు కూడా బేరమాడకుండా ఇవ్వండి.